ఫ్రిజ్ మొరాయించిందా? తొందరపడకండి!

ఫ్రిజ్‌కి ఒక పాడు గుణం ఉంది. చలికాలమంతా నిక్షేపంగా పనిచేసి, సరిగ్గా రోహిణి కార్తెలో, అదీ చుట్టాలు దిగిన రోజునే చతికిలబడుతుంది! నిజానికి దాని తప్పేమీ లేదు. ఎండలకి మోటారు ఎక్కువసేపు తిరగాలి, అదే సమయంలో వోల్టేజి పడిపోతూ లేస్తూ ఉంటుంది, పిల్లలేమో చల్లటి నీళ్ల కోసం నిమిషానికోసారి తలుపు తీస్తారు. పాతబడిన మోటారు ఎంతకని తట్టుకుంటుంది?

అది ఆగిన గంటలోపే ఇంట్లో తలో మాటా మొదలవుతుంది. "దీని పని అయిపోయింది, కొత్తది కొనేద్దాం" అని పిల్లలు. "మొన్న మొన్ననేగా రిపేరు చేయించాం" అని ఆయనగారు. ఫోనులో వివరం వినకుండానే "గ్యాస్ పోయుంటుందమ్మా" అని మెకానిక్. సాయంత్రానికి అందరూ షోరూములో ఉంటారు. ఈ హడావిడిలో ఎవరికి ఏది నచ్చినా, రోజుకి యాభైసార్లు ఆ తలుపు తీసేదీ వేసేదీ మీరు. కనుక ఓ రెండు రోజులు ఓపిక పట్టి, నిర్ణయం మీ చేతుల్లోకి తీసుకోండి. ఫ్రిజ్ అంటే పదేళ్ల కాపురం మరి!

లోపల ఉన్నవాటి సంగతి ముందు

తలుపు తెరవకుండా ఉంటే లోపలి చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. కాబట్టి "ఏమైందో" అని పదేపదే తీసి చూడకండి. ఒక్కసారి తీసి, ఏమేం ఉన్నాయో చూసుకుని, పాడైపోయేవన్నీ ఒకే విడతలో బయటికి తెచ్చుకోండి.

పాలు వెంటనే కాచి, ఎక్కువైతే తోడు పెట్టేయండి. వారం రోజులుగా దాస్తున్న మీగడ ఉందా? పులుపెక్కేలోగా చిలికి వెన్న తీసి నెయ్యి కాచేయండి. ఇడ్లీ పిండి సాయంత్రానికి పులుస్తుంది, దాన్ని పునుగులకో ఊతప్పాలకో వాడేయొచ్చు. కొత్తిమీర, పచ్చిమిర్చి కలిపి పచ్చడి నూరుకోండి. కరివేపాకు నీడన ఆరబెడితే పొడికి పనికొస్తుంది. అల్లం వెల్లుల్లి ముద్ద ఎక్కువగా ఉంటే కాస్త ఉప్పు వేసి నూనెలో వేయించి ఉంచండి, రెండు రోజుల వంటకి కొరవ ఉండదు. గోంగూర, ఆవకాయలకి దిగులు అక్కర్లేదు. వాటికి ఫ్రిజ్ పుట్టకముందే బతకడం తెలుసు.

మాంసం, చేపలు ఇంకా చల్లగా ఉంటే వెంటనే వండేయాలి. వెచ్చబడిపోయి ఉంటే మాత్రం ఖరీదు చూసుకోకుండా పారేయాలి. నిన్నటి అన్నం, పప్పు, కూరలు గంటల తరబడి వెచ్చగా ఉండిపోతే అవీ అంతే. "మళ్లీ మరిగిస్తే సరి" అనుకుంటాం గానీ, అన్నంలాంటి వాటిలో పెరిగే కొన్ని క్రిములు వదిలే విషం మరిగించినా పోదు. వందరూపాయల కూరకి చూసుకుంటే డాక్టరు ఫీజు ఎంతో మీకు తెలియనిది కాదు.

ఇన్సులిన్ వాడేవాళ్లుంటే

కూరలకన్నా ముందు చూడాల్సింది ఇదే. అత్తగారికో మామగారికో షుగరు ఉండి ఇన్సులిన్ తీసుకుంటుంటే, ఆ సీసాలు తలుపు అరలో ఏ మూలనో ఉండి, హడావిడిలో అందరూ మర్చిపోతారు. ఇంకా తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా లేదా పెన్ను బయట సుమారు నాలుగు వారాలు ఉంటుందంటారు గానీ, అది 25-30 డిగ్రీలు దాటని గదికి చెప్పిన మాట. మే నెలలో మన వంటింటి వేడికి కాదు! మీరు వాడే రకానికి ఎన్ని రోజులో, ఎంత వేడి వరకో పెట్టెలోని కాగితంలో ఉంటుంది.

మొహమాటపడకుండా పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టించండి. ఓ డబ్బాలో పెట్టి, పేరు రాసి, మధ్య అరలో ఉంచమని చెప్పండి. గడ్డకట్టే గదికి ఆనుకుని ఉంచితే, ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఐసు ముక్కల మీద నేరుగా పెట్టడమూ అందుకే కూడదు. ఆ వీలు లేకపోతే పాత పద్ధతి ఉండనే ఉంది. పెద్ద మట్టికుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దింపి, ఇసుకని తడుపుతూ ఉండండి. ఇన్సులిన్‌ని నీరు చేరని డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పండి. పొడిగాలి ఉండే అనంతపురం, నిజామాబాద్‌లలో ఇది బాగా చల్లబడుతుంది. ఉక్కపోసే కాకినాడ, మచిలీపట్నంలో అంతగా చల్లబడదు. ఎలాగూ ఇది వాడుతున్న సీసాకి ఒకటి రెండు రోజుల ఏర్పాటే, తెరవనివాటికి ఫ్రిజ్ ఉండాల్సిందే. ఎండకి మగ్గిందన్న అనుమానం ఉంటే వాడకముందే డాక్టరునో మందుల షాపునో అడగండి.

అసలు పాడైందా?

మెకానిక్‌కి ఫోను చేసే ముందు పది నిమిషాలు మీరే చూడండి. తలుపు తీస్తే లోపలి లైటు వెలుగుతోందా? వెలగకపోతే ప్లగ్గు, స్టెబిలైజరు, ఎం.సి.బి. చూడాలి. అదే ప్లగ్గులో టేబుల్ ఫ్యాను పెట్టి తిరుగుతుందేమో చూస్తే సగం సంగతి తేలిపోతుంది. ఎన్నో ఇళ్లలో "చచ్చిపోయిన" ఫ్రిజ్‌లు స్టెబిలైజరు మార్చగానే లేచి కూర్చుంటాయి.

లైటు వెలుగుతోంది, మోటారు చప్పుడు లేదు. అప్పుడు చల్లదనం మార్చే నాబ్ చూడండి. తుడిచేటప్పుడు పొరపాటున సున్నాకి తిరిగి ఉండొచ్చు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మంచు కరిగించే బటన్ నొక్కుకుపోయి ఉండొచ్చు. కొద్ది నిమిషాలకోసారి వెనకాల "టక్" మని చప్పుడై ఆగిపోతుంటే మోటారు మొదలవ్వాలని ప్రయత్నించి వీలుకాక ఊరుకుంటోందన్నమాట. చాలాసార్లు అది రిలే అనే చిన్న భాగం లోపం. కొన్నిసార్లు మోటారుదే.

మోటారు తిరుగుతూనే ఉన్నా చల్లబడటం లేదంటే వెనక నల్లజాలీకి పట్టిన బూజు దులిపి చూడండి (ప్లగ్గు తీశాకే సుమా). తలుపు రబ్బరుకీ ఫ్రిజ్‌కీ మధ్య ఓ పదిరూపాయల నోటు పెట్టి తలుపు వేసి లాగండి. బిగుతు లేకుండా సులువుగా జారిపోతే రబ్బరు వదులైందని లెక్క. రబ్బరు మారిస్తే చాలు, ఫ్రిజ్ మార్చక్కర్లేదు. డబుల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఐసు కడుతూ కింద వెచ్చగా ఉంటే సాధారణంగా అది లోపలి ఫ్యానుకో మంచు కరిగించే హీటరుకో వచ్చిన జబ్బు. అది కూడా బాగయ్యేదే.

ఇక కొత్త రకం ఫ్రిజ్ ఉన్నవాళ్లు రెండు విషయాలకి కంగారుపడుతుంటారు. పక్క గోడలు వెచ్చగా ఉండటం, మోటారు ఆగకుండా తిరుగుతూ ఉండటం. వీటిలో వెనక జాలీ ఉండదు, ఆ వేడి పక్కల నుంచే పోతుంది. ఇన్వర్టర్ మోటారు నెమ్మదిగా ఎక్కువసేపు తిరిగేలాగే తయారైంది. చల్లదనం సరిగా ఉంటే ఈ రెండూ జబ్బులు కావు.

"గ్యాస్ పోయిందమ్మా!"

ఈ మాట దగ్గరే జాగ్రత్త. ఫ్రిజ్‌లోని గ్యాస్ వంటగ్యాసులా ఖర్చయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో ఏళ్ల తరబడి అదే తిరుగుతూ ఉంటుంది. అది పోయిందంటే ఎక్కడో చిల్లు పడిందనే అర్థం. ఆ చిల్లు వెతికి పూడ్చకుండా గ్యాస్ నింపితే నాలుగు నెలలకి మళ్లీ మీ ఇంటికొస్తాడు, మళ్లీ డబ్బులు. కనుక "లీకు ఎక్కడుందో చూపించు బాబూ" అని అడగండి. లీకు పూడ్చాక గొట్టంలోని ఫిల్టరు మార్చాలి, లోపలి గాలినంతా యంత్రంతో లాగేయాలి, ఆ తర్వాతే గ్యాస్. ఎన్ని నెలలు గ్యారంటీయో బిల్లు మీద రాయించుకోవాలి.

ఏ గ్యాస్ అన్నదీ ముఖ్యమే. ఇప్పుడొచ్చే ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. మన వంటగ్యాసుకి దగ్గరి చుట్టం, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఉండేది కొద్ది గ్రాములే అయినా, లోపల గ్యాస్ ఉండగానే మంటతో గొట్టం అతికించబోతే ప్రమాదం. మెకానిక్ పనిచేసేటప్పుడు కిటికీలు తీసి ఉంచండి, స్టవ్వు ఆర్పేయండి, పిల్లల్ని అవతలికి పంపండి. గ్యాస్ పేరు ఫ్రిజ్ వెనక స్టిక్కరు మీద ఉంటుంది. "ఏదైనా ఒకటేనమ్మా" అని వేరే గ్యాస్ నింపబోతే వద్దనండి. దీన్ని గ్రాముల లెక్కన తూచి నింపాలి. తూకం యంత్రం లేకుండా వచ్చినవాడికి ఈ పని అప్పగించకపోవడమే మంచిది.

అన్నట్టు, సింగిల్ డోర్ ఫ్రిజ్‌లకి చిల్లు పెట్టేది చాలాసార్లు మన చేతిలోని చాకే! కొండలా పెరిగిన మంచుని త్వరగా ఊడదీయాలని చాకుతోనో గరిటె కాడతోనో పొడిస్తే, ఆ పల్చటి అల్యూమినియం రేకులోనే గ్యాస్ గొట్టాలున్నాయని ఎవరికి గుర్తుంటుంది? "స్స్" మని శబ్దం వచ్చిందంటే అయిపోయినట్టే. మంచు తనంతట తాను కరగాలి. తొందరైతే వేడినీళ్ల గిన్నె ఒకటి లోపల పెట్టి తలుపు తీసి ఉంచండి.

బాగు చేయించాలా, మార్చాలా?

రిలే, థర్మోస్టాట్, రబ్బరు, ఫ్యాను, హీటరు... వీటిలో ఏది పోయినా, డబ్బా గట్టిగా ఉంటే పన్నెండేళ్ల ఫ్రిజ్‌నైనా బాగు చేయించుకోవచ్చు. లీకు వెనక కనబడే గొట్టంలో ఉంటే అదీ సులువే. గోడల మధ్య నురగలో ఎక్కడో ఉంటే మాత్రం కష్టం, చేసినా నిలుస్తుందన్న నమ్మకం తక్కువ. మోటారే పోతే ముందు వారంటీ కార్డు వెతకండి. చాలా కంపెనీలు మొత్తం ఫ్రిజ్‌కి ఒక ఏడాదే ఇచ్చినా మోటారుకి పదేళ్ల దాకా ఇస్తాయి. అయితే అది మోటారుకి మాత్రమే. గ్యాసుకీ కూలికీ వేరే అడుగుతారా అన్నది ముందే తేల్చుకోండి. పదేళ్లు దాటిన ఫ్రిజ్‌కి రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరుతోందంటే ఇక మార్చడమే నయం. అడుగున తుప్పు పట్టి రేకు రాలుతుంటే అంతకంటే ముందే.

కొన్ని ఇళ్లలో లెక్కలకి అందని చిక్కు ఒకటుంటుంది. అది పుట్టింటివాళ్లు సారెతో పంపిన ఫ్రిజ్. హైదరాబాద్ ఆల్విన్‌దో కెల్వినేటర్‌దో, నాన్నగారు అప్పుచేసి కొనిచ్చింది. దాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వడానికి ఏ ఆడపిల్లకి మనసొప్పుతుంది? కానీ 1990 నాటి ఫ్రిజ్‌లలో ఉన్నది ఓజోన్ పొరని దెబ్బతీసే సి.ఎఫ్.సి. గ్యాస్. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మన దేశంలో 2010 నుంచి దాన్ని కొత్తగా వాడటం ఆపేశారు. దానికి సరైన గ్యాస్ దొరకదు, కరెంటూ ఎక్కువ తాగుతుంది. మరీ మనసొప్పకపోతే మోటారూ గ్యాసూ జాగ్రత్తగా తీయించేసి, ఆ డబ్బాని పచ్చళ్ల జాడీలకో పాత పుస్తకాలకో బీరువాగా వాడుకుంటున్నవాళ్లు ఉన్నారు. పిల్లలున్న ఇంట్లో మాత్రం తాళం లేకుండా వద్దు.

ఇంకా ఆగిపోకుండా మూలుగుతున్న ముసలి ఫ్రిజ్ ఉందా? ఈసారి ఊరెళ్లేటప్పుడు ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపేసి, కరెంటు మీటరు రీడింగు రాసుకుని వెళ్లండి. వచ్చాక మళ్లీ చూసి, తేడాని రోజులతో భాగించండి. తలుపు తీయకుండానే రోజుకి ఎన్ని యూనిట్లు మింగుతోందో బయటపడుతుంది. షోరూములో ఏ అబ్బాయీ చెప్పని లెక్క ఇది.

షోరూముకి వెళ్లేముందు టేపు పట్టండి

మా కాలనీలో ఒకావిడ ఇంట్లో తండ్రీ కొడుకులు వెళ్లి, ఆవిడ్ని ఆశ్చర్యపరుద్దామని పెద్ద డబుల్ డోర్ ఫ్రిజ్ తెచ్చారు. ఆశ్చర్యపోయింది పాపం! వంటింటి గుమ్మంలో అది పట్టలేదు. ఇప్పుడది హాల్లో టీవీ పక్కన ఉంది, ఆవిడ పచ్చిమిర్చి కోసం రోజూ అక్కడికీ ఇక్కడికీ తిరుగుతోంది. పైగా కూరగాయల అర అట్టడుగున. మోకాళ్ల నొప్పులతో వంగలేక వంకాయలు పై అరలోనే ఉంచుతోంది.

కాబట్టి గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు, ఫ్రిజ్ పెట్టే చోటు... అన్నీ కొలిచి చీటీ మీద రాసుకోండి. గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య గాలాడే చోటు వదలాలి. స్టవ్వు పక్కన, ఎండపడే కిటికీ ఎదురుగా వద్దు. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసుకోండి. వంగలేనివాళ్లకి, ఐసు గది కిందా కూరగాయలు నడుము ఎత్తులోనూ ఉండే రకాలు కూడా ఉన్నాయి, అడగండి. ఖరీదు కాస్త ఎక్కువే.

ఎంత పెద్దది? ఇద్దరు ముగ్గురికి 180-200 లీటర్లు, నలుగురికి 240-300 లీటర్లు సరిపోతాయి. రోజూ తాజా కూర తెచ్చుకునే అలవాటున్న ఇంటికి ఇంకా తక్కువైనా చాలు. వారానికోసారి రైతుబజారుకి వెళ్లి సంచులు నింపుకొచ్చేవాళ్లకి ఎక్కువ కావాలి. పెద్దది కొంటే నింపకుండా ఉండలేం, నిన్నటివి మొన్నటివి పేరుకుపోతాయి. సింగిల్ డోర్ రకంలో మంచు మీరు కరిగించుకోవాలి, కానీ ధరా తక్కువ, రిపేరూ సులువు. ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో ఆ బాధ లేదు. అయితే లోపల గాలి తిరుగుతూ ఉంటుంది కనుక మూతపెట్టని ఆకుకూరలు త్వరగా వడలుతాయి. సింగిల్ డోర్ కింద ఉండే అదనపు సొరుగు చల్లబడేది కాదు, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ వేసుకోవడానికి మాత్రమే. ఇది తెలియక అందులో టమాటాలు పోసి కుళ్లబెట్టుకున్నవాళ్లు ఎందరో!

నక్షత్రాల సంగతి. 2006లో మొదలైన ఈ స్టార్ లేబుల్ మీద అందరూ నక్షత్రాలే లెక్కపెడతారు. మీరు దాని మీద ఉన్న "ఏడాదికి ఇన్ని యూనిట్లు" అన్న అంకె చూడండి. నక్షత్రాలు అదే రకం, అదే సైజు ఫ్రిజ్‌లతో పోల్చి ఇచ్చేవి. పెద్ద ఫ్రిజ్‌కి ఐదు ఉన్నా, చిన్న ఫ్రిజ్‌కి మూడు ఉన్నా, ఎక్కువ కరెంటు కాల్చేది పెద్దదే కావచ్చు. కొన్నేళ్లకోసారి కొలతలు కఠినం చేస్తుంటారు, అందుకని లేబుల్ ఏ ఏళ్లకి చెల్లుతుందో కూడా చూడాలి. ఒకదాని మీద 200, ఇంకోదాని మీద 260 యూనిట్లు ఉన్నాయనుకోండి. తేడా 60. మీ బిల్లులో ఆఖరి స్లాబులో యూనిట్ 7 రూపాయలు పడుతుంటే ఏడాదికి 420, పదేళ్లకి 4,200. రెండింటి ధరల తేడా అంతకన్నా తక్కువైతే ఖరీదైనదే చవక.

"స్టెబిలైజరు అక్కర్లేదండీ" అంటారు. ఎంత వోల్టేజి నుంచి ఎంత వరకు అక్కర్లేదో అడిగి, మీ ఊళ్లో కరెంటు అంతకన్నా పడిపోతుందా అని ఆలోచించుకోండి. "వడ్డీ లేని వాయిదాలు" అన్నప్పుడు, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో, వాయిదాలకి ఫీజు ఎంతో రెండూ కాగితం మీద వేయించుకుని కలిపి చూడండి. ఎక్స్చేంజిలో పాతదానికి ఎంతిస్తారన్నదీ అంతే. ఎక్స్చేంజి లేకుండా ధర ఎంతో ముందు అడిగి, ఆ తర్వాతే పాతదాని సంగతి ఎత్తండి.

పాత ఫ్రిజ్ బయటికి వెళ్లేటప్పుడు

2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పాడైన ఫ్రిజ్‌ని పద్ధతిగా విడగొట్టించే బాధ్యత తయారీదారుల మీద ఉంది. కొత్తది కొన్న చోటే "పాతది మీరే తీసుకెళ్తారా?" అని అడగండి. పాత సామాన్లవాడికే ఇస్తుంటే మీ వాకిట్లో గొట్టాలు నరకనివ్వకండి. అది బయటికి వెళ్లేదాకా వరండాలోనో మేడమీదో ఉంచాల్సి వస్తే తలుపు ఊడదీయించండి, కుదరకపోతే తాడుతో గట్టిగా కట్టేయండి. దాగుడుమూతలాడే పిల్లలు అందులో దూరితే లోపలి నుంచి తోసుకుని రావడం కష్టం, గాలి ఆడదు, అరుపు బయటికి వినబడదు.

కొత్తది వచ్చాక ఆటోలో పడుకోబెట్టి తెచ్చారేమో అడగండి. అలా తెచ్చి ఉంటే కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే ప్లగ్గు పెట్టాలి. ఎన్ని గంటలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు, ఎర్తింగ్ ఉన్న ప్లగ్గే కావాలి. మొదటిరోజు ఖాళీగా నడిపి, బాగా చల్లబడ్డాక సర్దుకోండి. బిల్లుని మాత్రం ఆ రోజే ఫోటో తీయండి. ఇప్పటి బిల్లుల్లో చాలా వాటి అచ్చు ఏడాది తిరిగేసరికి వెలిసిపోయి, తెల్లకాగితం మిగులుతుంది. తొమ్మిదో ఏట మోటారు వారంటీ అడగడానికి వెళితే ఆ తెల్లకాగితం ఎవరూ చూడరు.